అరువు చెల్లెలు

కళ్లద్దాల దుకాణం పక్కనున్న ఇరుకు మెట్లెక్కితే మొదటి అంతస్తులో ఒక ఆఫీసు. విదేశాల్లో చదువులకు, వాలంటీరు పనులకు, ఇంటర్న్‌షిప్పులకు వెళ్లాలనుకునే కుర్రకారుకు అక్కడ కాగితాలు సిద్ధం చేసిపెడతారు. ముందు గది గోడల నిండా ప్రకటనలే. తాబేలు గుడ్లకు కాపలా కాయడానికి మూడు నెలలు, ముసలివాళ్ల ఆశ్రమంలో ఆరు నెలలు, గాలిమరల కంపెనీలో ఒక వేసవి, ఫీజు లేకుండా రెండేళ్ల పై చదువు. రెండో గదిలో యజమాని ఉంటాడు. అందరూ సారు అనే ఆయన పొద్దస్తమానం ఫోనుకు చెవి అప్పగించి కూర్చుంటాడు. మూడోది చిన్న గది. ఒక బల్ల, ఒక కంప్యూటరు, తెరుచుకోని కిటికీ ఒకటి. పంతొమ్మిదేళ్లుగా ఆ గదిలో కూర్చున్న ఆవిడని కారణాలక్క అంటారు.

ఊరికే అనలేదు. ఏ దరఖాస్తు చూసినా చివర్లో ఒకటే ప్రశ్న: మీరెందుకు రావాలనుకుంటున్నారు? ఒక పేజీకి మించకుండా రాయండి. చిరునామా, మార్కులు, పుట్టిన తేదీ టకటకా నింపేసిన పిల్లలు అక్కడికొచ్చేసరికి కలం పక్కన పెట్టేసేవాళ్లు. నోట్లో నువ్వుగింజ నానని వాళ్లు కూడా నీళ్లు నమిలేవాళ్లు. అప్పుడు సారు మూడో గది వైపు చెయ్యి చూపించి, "అక్క దగ్గరికెళ్లు, కారణం ఇస్తుంది" అనేవాడు. వాళ్లు వచ్చి ఆమె ఎదురుగా కూర్చునేవాళ్లు. ఆమె అయిదారు ప్రశ్నలు అడిగి, వాళ్లకొక కారణం రాసిచ్చేది.

ఆమెకీ పని చేతికి రావడం వెనక ఒక కడుపుమంట ఉంది. ఇరవై ఒకటో ఏట ఆమె ఒక అచ్చాఫీసులో పని నేర్చుకుంటుండగా, ఆరు నెలల శిక్షణకు విదేశం పంపుతామని ఒక ప్రకటన వచ్చింది. దరఖాస్తులో అదే ప్రశ్న. ఆమె ఒక్క రాత్రంతా ఆలోచించి, "చూడాలని ఉంది" అని రాసింది. ఉన్న మాట అది. వారం తిరక్కుండా మర్యాదగా కాదన్న ఉత్తరం వచ్చింది. పక్క బల్ల అమ్మాయి మాత్రం, తన తండ్రికి చూపు పోయిందని, ఆయన చేత్తో తడిమి చదవగలిగే పుస్తకాలు అచ్చువేయడం తన కల అని రాసింది. అది విమానమెక్కింది. ఆ రోజు కూడా దాని తండ్రి అద్దాల్లేకుండా పేపరు చదువుతూ కూర్చున్నాడు. నిజం చెప్పినందుకు తనకు దక్కింది ఇదన్నమాట, అని కారణాలక్క మనసులో ఒక ముడి వేసుకుంది. ఆ ముడి ఎన్నడూ విప్పలేదు.

పెళ్లయింది, కూతురు పుట్టింది. కూతురికి ఎనిమిదేళ్లప్పుడు భర్త జబ్బు చేసి పోయాడు. అప్పట్నుంచి ఇంట్లో ఆమె మాట తగ్గిపోయింది. పగలంతా పరాయి పిల్లల తరఫున పేజీలకు పేజీలు మాట్లాడేది, ఇంటికొచ్చాక "తిన్నావా", "పడుకో" అనే రెండు ముక్కలకు మించి నోరు విప్పేది కాదు. కోపం కాదు, బెంగ కూడా కాదు. నూతిలో నీళ్లన్నీ పొద్దున్నే తోడేసినట్టు ఉండేది ఆమెకు.

కారణాలకు ఆమె ఒక పొడుగాటి నోటుపుస్తకం పెట్టుకుంది. ఎడమ పేజీలో కారణం ఉంటుంది. కుడి పేజీలో అది ఎవరికిచ్చిందీ, ఏ సంస్థకు వెళ్లిందీ ఉంటుంది. చూపు మందగించిన తాతయ్య, వరదలో తడిసిపోయిన బడి పుస్తకాలు, పొలానికి మందు కొట్టి ఒళ్లంతా దద్దుర్లు తెచ్చుకున్న బాబాయి, ఇలా పాతిక పైనే ఉన్నాయి. ఒకే సంస్థకు ఒకే కారణం రెండుసార్లు వెళ్లకూడదన్నది ఆమె పెట్టుకున్న నియమం. అబద్ధమాడినా అతికినట్టుండాలి కదా. సారు మాత్రం నవ్వేవాడు. "వెయ్యి అబద్ధాలాడి ఒక పెళ్లి చెయ్యమన్నారమ్మా. మనం ఒక్క అబద్ధంతో ఒక ప్రయాణం చేయిస్తున్నాం. పుణ్యమే."

ఆ పుస్తకంలో పద్నాలుగో పేజీ చెల్లెలిది.

పదకొండేళ్ల కిందట, ముసురు పట్టిన ఒక మధ్యాహ్నం, ప్రత్యేక అవసరాలున్న పిల్లల బడిలో ఇంటర్న్‌షిప్పు కోరుకున్న కుర్రాడి కోసం ఆ పిల్లను పుట్టించింది. ఏడేళ్లు. పుట్టుకతో వినికిడి లేదు. పసుపు గౌను. ముందుపన్ను ఒకటి ఊడింది. పిలవాలంటే నేలమీద కాలితో రెండుసార్లు గట్టిగా తట్టాలి, ఆ అదురు ఆమెకు అరికాళ్లలో తెలుస్తుంది. దూరంగా ఉంటే దీపం రెండుసార్లు ఆర్పి వెలిగించాలి. ఆమెతో మాట్లాడటానికే దరఖాస్తుదారు సైగల భాష నేర్చుకున్నాడు. ఈ వివరాలన్నీ కారణాలక్కకు తెలియడానికి కారణం కింది కళ్లద్దాల దుకాణం. అక్కడ అద్దాలు అరగదీసే పెద్దాయనకు వినపడదు. ఆమె కూతురు బడి అయ్యాక తల్లి కోసం కాచుకుంటూ రోజూ ఆయన దగ్గరే కూర్చునేది, ఆయన చేతులు చూసి సైగలు నేర్చుకుంది. దుకాణంవాళ్లు ఆయన్ని పిలవాలంటే కాలితో నేల తట్టేవాళ్లు.

చెల్లెలు బాగా కుదిరింది. పదకొండేళ్లలో పదకొండుమందికి ఆమెను చెల్లెలుగా ఇచ్చింది, పదకొండుమందీ ఎంపికయ్యారు. తాతయ్యలూ వరదలూ అప్పుడప్పుడు బెడిసికొట్టేవి గాని, చెల్లెలు ఎన్నడూ మాట పోనివ్వలేదు. ఒక్కటే లోటు, ఆ పిల్లకు పేరు లేదు. ఉత్తరంలో "మా చెల్లి" అంటే సరిపోయేది, పేరుతో పనిబడలేదు.

వెళ్లొచ్చిన వాళ్లలో ఒకడు ఒకసారి మిఠాయి పెట్టెతో వచ్చి, మాటల మధ్యలో, "చెల్లి నన్ను గుర్తుపట్టలేదక్కా. రెండేళ్లు దూరమైతే అలాగే ఉంటుందేమో" అన్నాడు. కళ్లు తడిగా ఉన్నాయి. ఆమె నవ్వి, "చాలు బాబూ, ఇక్కడ ఇంటర్వ్యూ ఏమీ లేదు" అంది. వాడు నవ్వలేదు. చెప్పిందే చెప్పి వాడికే నమ్మకం కుదిరిందనుకుని ఆమె మిఠాయి నోట్లో వేసుకుంది.

కూతురికి ఇరవై ఒకటో ఏడు వచ్చింది. ఒకరోజు ముందు గది గోడ మీదున్న ప్రకటన ఒకటి పీకి తెచ్చి తల్లి బల్లమీద పెట్టింది. సముద్రాల అవతల వినికిడి లేని పిల్లల బడిలో ఏడాది వాలంటీరు పని, ఆ తర్వాత అక్కడే టీచరు చదువు, ఖర్చంతా వాళ్లదే. ఒకటే సీటు.

"నేను వెళ్తానమ్మా" అంది.

కారణాలక్క తలూపింది. ఆ తలూపడంలో ఎంత ఆశ ఉందో కూతురికి తెలియదు. తనకు కాదన్న ప్రయాణం తన కడుపున పుట్టిన పిల్లకు దక్కాలి, ఈ ఒక్క సీటు చేజారకూడదు. పంతొమ్మిదేళ్లు పరాయి పిల్లలను ఒడ్డు దాటించిన మనిషి సొంత పిల్లను దాటించలేకపోతే ఎలా అని ఆమె లోలోపల గుబులు పడింది.

కూతురు తన కారణం తనే రాసుకొచ్చింది. నాలుగే వాక్యాలు. "మా అమ్మ పగలంతా ఇతరుల మనసులో మాటలు రాస్తుంది. ఇంటికొచ్చేసరికి ఆమె దగ్గర మాటలు మిగలవు. అందుకని చేతులతో, కళ్లతో మాట్లాడటం నేను చిన్నప్పుడే నేర్చుకున్నాను. మాట్లాడేవాళ్లు లేని ఇంట్లో ఒక పిల్లకు ఎలా ఉంటుందో నాకు తెలుసు."

చదివేసరికి కారణాలక్క మొహం జేవురించింది. సిగ్గేసింది, ఆ సిగ్గు వెంటనే కోపమైంది. కన్నకూతురు తనను ముక్కూ మొహం తెలియని వాళ్ల ముందు నిలబెట్టి వేలెత్తి చూపించినట్టు అనిపించింది. ఇంతోటి మాటలకు సీటెవడిస్తాడనుకుంది. గడువు ఆ సాయంత్రంతో ముగుస్తుంది. ఆ నాలుగు వాక్యాలూ తీసేసి, పద్నాలుగో పేజీ తిప్పి, చెల్లెలిని ఎక్కించింది. కుడి పేజీలో అదే బడి ముందే ఉంది. మూడేళ్ల కిందట, చెల్లెలిని ఆఖరుసారి ఇచ్చి, బొత్తాల దుకాణం ఆవిడ కొడుకును పంపింది అక్కడికే. అది చూసింది, చూసి కూడా పంపేసింది. కూతురికి చెప్పలేదు.

నాలుగోరోజు మధ్యాహ్నం బొత్తాల ఆవిడ మెట్లెక్కి వచ్చింది. ఊపిరి ఆడటం లేదు. కొడుకు వెళ్లాక ఒంటరిగా ఉంటున్న మనిషి. కుర్చీలో కూలబడి, అటూ ఇటూ చూసి, గొంతు తగ్గించింది.

"అక్కా, ఒక మాట చెప్తాను, పిచ్చిదాన్నని నవ్వకు."

"చెప్పు."

"మావాడు వెళ్లాక ఇంట్లో ఎవరో తిరుగుతున్నట్టుండేది. కనపడేది కాదు. దీపం రెండుసార్లు ఆరి వెలిగేది. బొత్తాల డబ్బాలు తెరిచి ఎవరో రంగుల వారీగా ఏరిపెట్టేవాళ్లు. మొదట్లో భయపడి చచ్చాను. ఆ తర్వాత అలవాటైపోయింది. నిజం చెప్పనా, తోడుగా ఉండేది. కావాలనే బొత్తాలన్నీ కలిపేసి పెట్టేదాన్ని, ఏరుతుంది కదా అని."

కారణాలక్క చేతిలో పెన్ను ఆగిపోయింది.

"నాలుగు రోజులైంది, లేదు" అంది బొత్తాల ఆవిడ. "సోమవారం సాయంత్రం నుంచి లేదు. డబ్బాలు కలిపినవి కలిపినట్టే ఉన్నాయి. నువ్వు వాడికేదో రాసిచ్చావుగా, అందులో చెల్లెలి సంగతేదో ఉందని వాడు చెప్పాడు. అది ఎటు వెళ్లిందో నీకేమైనా తెలుసా?"

సోమవారం సాయంత్రమే కూతురి దరఖాస్తు వెళ్లింది. కారణాలక్క పెన్ను పక్కన పెట్టింది. "నాకేం తెలుసు, వయసు మీద పడుతుంటే ఇలాంటివి అనిపిస్తాయి" అని పైకి అంది. బొత్తాల ఆవిడ ఆమె మొహంలోకి చూసి, లేచి, గోడ పట్టుకుని ఒక్కో మెట్టూ దిగి వెళ్లిపోయింది.

ఆ సాయంత్రం కారణాలక్క ఇంటి తాళం తీసి లోపల కాలు పెట్టగానే వంటగదిలో దీపం వెలిగింది, ఆరింది. మళ్లీ వెలిగింది, ఆరింది. బయట ఇంకా ఎండ పోలేదు. ఆమె గుమ్మంలో అలాగే నిలబడిపోయింది. కూతురు వెనకే వచ్చి, "స్విచ్చు పాడైందేమోనమ్మా" అంది. మర్నాడు కరెంటు పని చేసే మనిషిని పిలిపిస్తే, అంతా విప్పి చూసి, స్విచ్చుకేమీ రోగం లేదన్నాడు.

ఆ తర్వాత చిన్న చిన్నవి. స్నానాలగది ముందు ఆరీ ఆరని అడుగులు, అరచేతి పొడవున. మూడో కుర్చీ బల్ల నుంచి కాస్త ఎడంగా జరిగి ఉండేది, ఎవరో దిగి వెళ్లినట్టు. ఆమె రోజూ దాన్ని లోపలికి తోసేది. మధ్యాహ్నానికల్లా అది మళ్లీ ఎడంగా జరిగేది. మింగలేక కక్కలేక ఊరుకుంది. కూతురితో చెబితే ఉత్తరం సంగతి చెప్పాలి.

ఆ సంగతి దానంతటదే బయటపడింది. బడివాళ్ల జవాబు వచ్చింది, ఫలానా రోజు పొద్దున పదకొండింటికి వీడియో కాల్‌లో మాట్లాడతామని. కింద ఒక వాక్యం: మీ చెల్లెలిని కూడా పలకరించాలని మాకు ఆశగా ఉంది.

కూతురు ఫోను తల్లి మొహం ముందు పెట్టింది. "నాకు చెల్లెలెక్కడిదమ్మా?"

కారణాలక్క ఫోను బల్లమీద బోర్లించింది.

"నేను రాసింది తీసేశావు."

"దాంతో సీటు రాదే."

"రాకపోతే పోయేది. అది నాది. ఇదెవరిదో." కూతురు గొంతు పెంచలేదు. "ఇప్పుడేం చెప్పమంటావు, ఆ పిల్లను చూపించమంటే?"

సారుకు తెలిసి, ఎవరి పిల్లనో ఒకదాన్ని గంటసేపు కూర్చోబెడదామన్నాడు. "పసుపు గౌను నేనే కొంటాను" అని కూడా అన్నాడు. తల్లీ కూతుళ్లు ఒప్పుకోలేదు. పాప బంధువులింటికి వెళ్లిందని చెప్పాలని అనుకున్నారు. చేతులు కాలాక ఆకులు పట్టుకోవడమే గాని, ఇంకో దారి తోచలేదు. నిజం చెప్పేస్తే సీటుతో పాటు ఆఫీసు పరువు, అంతకుముందు వెళ్లిన పదకొండుమంది మంచీ చెడ్డా అన్నీ కదులుతాయి.

ఆ రోజు పదకొండింటికి ల్యాప్‌టాప్ భోజనాల బల్లమీద పెట్టుకుని ఇద్దరూ కూర్చున్నారు. వాళ్ల వెనక లోపలి గది గుమ్మం, దానికి నీలం తెర. ల్యాప్‌టాప్‌లో పొట్టిగా కత్తిరించిన తెల్ల జుట్టున్న ఆవిడ కనిపించింది. బడి పెద్ద ఆవిడే. నోటితోనూ మాట్లాడుతుంది, చేతులతోనూ. కూతురు సైగలు చేస్తుంటే ఆవిడ మొహం విప్పారింది. ఎవరు నేర్పారని అడిగింది. కూతురు తడబడకుండా, కింద దుకాణంలో అద్దాలు అరగదీసే తాతయ్య అని చెప్పింది. చెల్లెలని చెప్పలేదు. కారణాలక్క బల్లకింద దాని మోకాలు నొక్కింది.

"చెల్లెలు కాదా?" అని ఆవిడ నవ్వింది.

"పాప ఇంట్లో లేదండీ" అని కారణాలక్క అందుకుంది. "మా వాళ్లింటికి వెళ్లింది. వారం దాకా రాదు."

తెల్ల జుట్టు ఆవిడ కళ్లు వాళ్లిద్దరి భుజాల మధ్య నుంచి వెనక్కి వెళ్లాయి. "మరి గుమ్మంలో నిలబడింది ఎవరు?"

ఇద్దరూ ఒక్కసారే వెనక్కి తిరిగారు. నీలం తెర తప్ప ఏమీ లేదు. ల్యాప్‌టాప్‌లో ఒక మూలన వాళ్ల బొమ్మే చిన్నగా కనపడుతోంది, అందులోనూ ఇద్దరే ఉన్నారు. కానీ ఆవిడ అప్పటికే చేతులు పైకెత్తి ఎవరికో సైగ చేస్తోంది. చేసి ఆగింది. ఎదుటివాళ్ల జవాబు పూర్తయ్యేదాకా చూసినట్టు చూసింది. పకపకా నవ్వింది.

"చాలా తుంటరి పిల్ల. సిగ్గుపడి దాక్కుందన్నమాట, మీరేమో ఊళ్లో లేదంటున్నారు." మళ్లీ చేతులు కదిపింది, మళ్లీ చూసింది. ఈసారి కనుబొమలు ముడిపడ్డాయి. "పేరడిగాను. లేదంటోంది. ఎవరూ పెట్టలేదట."

కారణాలక్క కుర్చీ అంచు పట్టుకుంది.

"వయసు ఏడంట. ఎప్పట్నుంచి ఏడని అడిగితే, పదకొండేళ్ల నుంచీ ఏడే అంటోంది." ఆవిడ నవ్వబోయి మానేసింది. కెమెరాకు దగ్గరగా వంగింది. "ఈ పాపను నేను చూశాను. మూడేళ్ల కిందట మీ ఊరి అబ్బాయితో మాట్లాడుతుంటే, వాళ్ల ఇంట్లో కూడా వెనక ఇలాగే నిలబడింది. ఇదే పసుపు గౌను. అప్పుడూ ఆ పన్ను లేదు."

అయిపోయిందనుకుంది కారణాలక్క. సీటు పోయింది, పరువు పోయింది, రేపు పొద్దున సారు మొహం ఎలా చూడాలి. కాని అంతకన్నా పెద్ద భయం ఆమె వీపు మీద ఉంది. మెడ వెనక చల్లగా, ఎవరో తడి జుట్టుతో ఆనుకుని నిలబడ్డట్టుంది. తిరిగి చూడ్డానికి ధైర్యం చాల్లేదు.

తెల్ల జుట్టు ఆవిడ ఇక నోటితో మాట్లాడలేదు. చేతులతో ఒకటే ప్రశ్న అడిగింది, నెమ్మదిగా, జాగ్రత్తగా. జవాబు చూసింది. సరిగ్గా అర్థమైందో లేదో అన్నట్టు ఆ జవాబును తన చేతులతో తిరిగి చేసి చూపించింది. ఎవరో అవునన్నట్టున్నారు, తలాడించింది. ఆ తర్వాత చాలాసేపు కారణాలక్క మొహంలోకే చూసింది. ఆ చూపులో కోపం లేదు. "ఉత్తరం పంపుతాను" అని కాల్ ఆపేసింది.

"ఏమంది?" అని కారణాలక్క అడిగింది. కూతురు లేచి, నీలం తెర పక్కకు తీసి, ఖాళీ గదిని చూసి, మూడో కుర్చీలో కూర్చుండిపోయింది.

తొమ్మిది రోజులకు ఉత్తరం వచ్చింది. సీటు కూతురికే ఇచ్చారు. ఎందుకిచ్చారో అందులో ఒక్క ముక్క లేదు, చెల్లెలి ఊసే లేదు.

సారు ఆఫీసంతా తిరిగి చెప్పుకున్నాడు. కారణాలక్క నవ్వడానికి ప్రయత్నించింది. కోరుకున్నది చేతికొచ్చింది గాని ఆనందం మాత్రం రాలేదు. కూతురు సామాను సర్దుకుంటుంటే పక్కన కూర్చుని బట్టలు మడతపెట్టేది. మడతపెట్టిన దుస్తుల దొంతర మీద, ఎవరూ ముట్టకుండానే, మేజోళ్లు జతలు జతలుగా, రంగుల వారీగా కూడి ఉండేవి. కూతురు వాటిని చూసి, అలాగే పెట్టెలో పెట్టుకునేది.

వెళ్లే రోజు విమానాశ్రయం బయట, లోపలికి వెళ్లబోయే ముందు, కూతురు పెట్టె పక్కన పెట్టి తల్లి చేతులు రెండూ పట్టుకుంది.

"ఆఖర్న ఆవిడేం అడిగిందో చెప్పనా?"

"చెప్పు."

"అక్క వెళ్లిపోతే ఆ ఇంట్లో నీతో ఎవరు మాట్లాడతారు, అని అడిగింది."

"దానికేమంది, ఆ పిల్ల?"

"నాకు కనపడలేదు కదమ్మా. కాని ఆవిడ జవాబు తిరిగి చేసి చూపించింది, అది చూశాను." కూతురు చేతులు వదిలి, గాలిలో రెండు సైగలు చేసింది, చేస్తూ నోటితో చెప్పింది. "అమ్మ. నేర్చుకుంటుంది."

కూతురు లోపలికి వెళ్లిపోయింది. కారణాలక్క ఆ తలుపుల ముందు చాలాసేపు నిలబడింది. ఏడుపు వచ్చింది, ఆపుకోలేదు. పద్నాలుగో పేజీలో రాసిన పిల్ల తనను నమ్మిందని తెలిసి ఏడ్చింది. కూతురు రాసిన ఆ నాలుగు వాక్యాలు నిజమని, వాటిని తీసేసింది తనేనని ఏడ్చింది.

మర్నాడు ఆఫీసుకు వెళ్లేముందు కళ్లద్దాల దుకాణంలో ఆగింది. అద్దాలు అరగదీసే పెద్దాయన ముందు నిలబడి నేలమీద కాలితో రెండుసార్లు తట్టింది. ఆయన తలెత్తాడు. పంతొమ్మిదేళ్లుగా ఆయన ముందు నుంచే మెట్లెక్కుతోంది, ఒక్కనాడూ ఆయన్ని పిలవలేదు. పిల్లలకు చెప్పినట్టు ఆయన ఆమెకు మొదటి రోజు మూడు సైగలు చెప్పాడు: తిన్నావా, రా, నేనున్నాను. రోజూ మధ్యాహ్నం భోజనం వేళ ఒక అరగంట నేర్పాడు. ఆమె వేళ్లు బిరుసు, త్వరగా ఒంగేవి కావు. ఆయన నవ్వి తిప్పిపెట్టేవాడు. పేర్లు ఎలా అని ఆమె కాగితం మీద రాసి అడిగింది. ఆయన కాగితం మీదే జవాబు రాశాడు: మాకు పేరు పలకక్కర్లేదు. మనిషిలో ఏది గుర్తుగా ఉంటే అది చేత్తో చూపిస్తాం. ఆమె కూతుర్ని ఆయన ఏమని పిలిచేవాడో చూపించాడు. చుబుకం కింద పిడికిలి ఆనించి కాచుకుని కూర్చున్నట్టు. ఆ పిల్లకు ఆయన పెట్టిన పేరు అది, తల్లి కోసం కాచుకున్న పిల్ల. కారణాలక్క ఆ కాగితం మడిచి పర్సులో పెట్టుకుంది.

ఇంట్లో ఆమె ఇంకా ధైర్యం చెయ్యలేదు. దీపం ఆరి వెలిగేది, ఆమె దుప్పటి గట్టిగా పట్టుకునేది. భయం పోలేదు, పోతుందని కూడా అనుకోలేదు. ఒక ఆదివారం పొద్దున, పదిన్నరకు, గదిలోకి ఎండ పడుతుండగా, భోజనాల బల్ల దగ్గర నిలబడి, మూడో కుర్చీ బాగా బయటికి లాగింది. నేలమీద కాలితో రెండుసార్లు తట్టింది.

ఇల్లంతా నిశ్శబ్దం. ఎంతసేపో తెలియదు. తర్వాత లోపలి గదిలోంచి, నీలం తెర వెనకనుంచి, చిన్న పాదం రెండుసార్లు నేల తట్టింది.

పారిపోదామన్న కాళ్లను ఆమె అక్కడే నిలబెట్టుకుంది. చేతులు పైకెత్తింది. రా, అంది. తెర కదిలింది. కుర్చీ నేలమీద కిర్రుమని కొద్దిగా జరిగింది. ఆమె ఖాళీ కుర్చీ వైపు వంగి, చూపుడువేలితో తన ముందుపన్ను మీద రెండుసార్లు తట్టి, ఆ వేలిని కుర్చీ వైపు చూపింది. నువ్వు. నీ పేరు. మళ్లీ చేసింది, తప్పు పోకుండా. బల్ల మీది దీపం రెండుసార్లు ఆరి వెలిగింది. అప్పుడామె, తిన్నావా, అని అడిగింది, ఇంకో కంచం తెచ్చి పెట్టింది.

ఆ వారం ఆఫీసులో, ప్రత్యేక అవసరాలున్న పిల్లల బడిలో ఇంటర్న్‌షిప్పు కావాలని ఒక అమ్మాయి వచ్చింది. కారణం దగ్గర కలం కిందపెట్టి దిగులుగా కూర్చుంది. సారు గుమ్మంలోంచి తలపెట్టి, "ఆలోచన దేనికక్కా, పద్నాలుగో పేజీ తియ్యి. పదమూడోసారి కూడా తిరుగుండదు" అన్నాడు.

కారణాలక్క నోటుపుస్తకం తెరిచి ఆ పేజీ చించింది. నలిపి పారెయ్యలేదు, నాలుగు మడతలు పెట్టి పర్సులో, పెద్దాయన రాసిచ్చిన కాగితం పక్కన పెట్టుకుంది.

"అదేంటి, చెల్లెలిని తీసేశావా?" అన్నాడు సారు.

"అది మా చిన్నమ్మాయి సార్" అంది ఆమె. "ఇంట్లో ఉంది. ఇంక ఎవరికీ ఇవ్వను."